తడి ఆరనివ్వకమ్మా

చిరంజీవి కావ్యకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇంగ్లండ్‌లో సీటు వచ్చిందనీ, పాత పడవల మీద పని చేస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు మ్యూజియం ల్యాబ్‌లో చెక్కతో గడిపినదాన్ని కదా, నువ్వు విమానం ఎక్కేలోపు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు, తడి ఆరనివ్వకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెరువు పూడిక తీస్తుంటే పాత దోనె ముక్క బయటపడింది. చూడటానికి గట్టి దుంగే. బొటనవేలితో నొక్కితే మాత్రం నానిన రస్కులా మెత్తగా దిగింది. నీళ్ల తొట్టి ఖాళీ లేదని వరండాలో పెట్టారు. కొత్తదాన్ని, నోరు విప్పలేదు. మూడో రోజుకి నిలువునా బీటలు వారింది. వారం తిరిగేసరికి ముడుచుకుపోయి మెలి తిరిగింది. మొదటి రోజు నేను వేలితో తడిమిన బాడిసె దెబ్బలు మళ్లీ కనబడలేదు. అదెంత పాతదో తెలుసుకోకుండానే పోగొట్టుకున్నాం. ఇప్పటికీ తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

బురదలో గాలి ఆడదు కాబట్టి బూజు పట్టదు. కానీ వేల ఏళ్లలో సూక్ష్మజీవులు చెక్కలోని సెల్యులోజ్‌ని మెల్లగా తినేస్తాయి. మిగిలిన డొల్లని నిలబెట్టేది దానిలో నిండిన నీరే. ఆ నీరు ఆరేటప్పుడు కణాల గోడల్ని లోపలికి లాగేస్తుంది. అందుకే నీటి బదులు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎక్కిస్తారు. ఆ తర్వాత గడ్డకట్టించి ఆరబెడతారు. మంచు కరగకుండానే ఆవిరైపోతుంది కాబట్టి ఆ లాగుడు ఉండదు. తొందరపడేవాళ్లకి ఈ పని అచ్చిరాదు.

అక్కడ కుదురుకోగానే డోవర్ మ్యూజియానికి వెళ్లి అక్కడున్న పాత పడవని చూడు. డోవర్ అంటే ఇంగ్లండ్ దక్షిణాన, ఫ్రాన్స్‌కి ఎదురుగా సముద్రం ఒడ్డునున్న ఊరు. 1992 సెప్టెంబర్‌లో రోడ్డు పని జరుగుతుంటే, నేలకి ఆరు మీటర్ల లోతున దొరికిన పడవ అది. క్రీ.పూ. 1550 ప్రాంతంది. తొమ్మిదిన్నర మీటర్ల పొడవు బయటికి తీశారు, మిగతాది భవనాలకి దగ్గరగా ఉండటంతో నేలలోనే వదిలేశారు. తీసినదాన్ని కూడా ముక్కలుగా కోసే తీశారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. తర్వాత అర్థమైంది: అంత మెత్తటి చెక్కని ఒకే ముక్కగా లేపబోతే అసలుకే మోసం వచ్చేది.

పడవని ఉంచిన అద్దాల పెట్టె ముందు ఓ గంట నిలబడు. ఓక్ పలకల మీద కంచు బాడిసె గాట్లు ఉంటాయి. పలకల్ని కుట్టింది మేకులతో కాదు, మెలిపెట్టిన యూ చెట్టు కొమ్మలతో. సందుల్లో నాచు కూరి, తేనెమైనం, కొవ్వు కలిపి మెత్తారు. ఆ కుట్లు కొన్నిచోట్ల కోసేసి ఉంటాయి, జాగ్రత్తగా చూడు. మూడున్నర వేల ఏళ్ల కిందట ఎవరో కావాలనే కోశారు. మా దోనె ముక్క మీద మేం పోగొట్టుకున్నది ఇలాంటి సంగతులే. కాబట్టి ఏ ముక్కనైనా ముట్టుకునే ముందు గీయి, రాయి, ఫొటో తియ్యి. ఏ మందు, ఎంత, ఎప్పుడు వాడావో కూడా రాసిపెట్టు. నార్వేలో 1904లో తవ్వి తీసిన ఓసెబెర్గ్ అనే వైకింగ్ నౌకతో పాటు దొరికిన చెక్క సామానుకి అప్పట్లో మంచిదనుకునే పటిక పట్టించారు. అదే ఇప్పుడు ఆమ్లమై వాటిని లోపల్నుంచి తినేస్తోంది. రేపు నీ తర్వాత వచ్చేవాళ్లకి నీ రాతే ఆధారం.

డోవర్ పడవ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్, బెల్జియం వాళ్లు కలిసి 2012లో దానికి సగం సైజు నకలు కట్టారు. నీళ్లలోకి దించిన మొదటిసారి లోపలికి నీరొచ్చేసింది. పట్టు వదలకుండా సరిచేసుకుని మరుసటి ఏడాది నడిపారు. ఆ పడవ తిరిగిన రోజుల్లో ఈ దేశాలూ లేవు, సరిహద్దులూ లేవు. అవతలి ఒడ్డు వాళ్లకీ ఆ పడవ మీద అంతే హక్కుంది.

అమెరికాలో విస్కాన్సిన్‌లోని మెండోటా సరస్సులో 2021 నుంచి దొరుకుతున్న దోనెల సంగతి చదువు. మూడు వేల ఏళ్ల నాటిది కూడా ఒకటుంది. ఆ పనిలో హో-చంక్ తెగవాళ్లని కలుపుకున్నారు. వాళ్ల తాతముత్తాతల దోనెలవి. వాళ్లని అడగకుండా లేపడం ఎంత తప్పో నీకు వేరే చెప్పాలా? పైకి తీస్తే నిలవనివాటిని నీళ్లలోనే ఉంచేశారు. కొన్నిసార్లు కాపాడటమంటే అదే.

దొరికినవాళ్లని మాత్రం చిన్నచూపు చూడకు. నైజీరియాలో ఎనిమిది వేల ఏళ్ల నాటి దుఫునా దోనె 1987లో బావి తవ్వుతున్న పశువుల కాపరికి దొరికింది. నెదర్లాండ్స్‌లో పెస్సె దోనె 1955లో హైవే పనిలో బయటపడింది. అది ఇంకా పాతది, దాదాపు పదివేల ఏళ్లది. ఇవేవీ మనలాంటి చదువుకున్నవాళ్ల కంట ముందు పడవు. ఎక్కడ పని చేసినా జేసీబీ డ్రైవర్‌తో టీ తాగు, నీ నంబర్ ఇచ్చి రా. తడి గోనెసంచులు కప్పి నాకు ఫోన్ చెయ్యండి అని చెప్పు.

ప్రయాణానికి ఇంకా నెల ఉందన్నావు. ఈలోగా ఒక రోజు కొల్లేరుకి వెళ్లు. తాటి దోనె చెక్కే తాత ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని చూడు. తాటి మొదట్లోని ఉబ్బుని ఎటువైపు పెట్టాడో, లోపలి గుజ్జు ఏ పనిముట్టుతో తోడుతున్నాడో, కోసిన కొస దగ్గర నీళ్లు రాకుండా ఏం చేస్తాడో అడిగి, కొలతలతో సహా రాసుకో. డోవర్‌లో అద్దం ముందు నిలబడేటప్పుడు ఆ నోట్‌బుక్ చేతిలో ఉంచుకో. ఆ పేజీల ఫొటోలు ముందు నాకు పంపు, ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ