గ్రీకులో ‘హిలారోస్’ అంటే పగలబడి నవ్వుతూ కానుక ఇవ్వడమేనా?

హనుమకొండలో ఒక ప్రసంగంలో అలా విన్నానని అడిగారు. కాదండీ. ఆ నవ్వు అర్థం తర్వాత ఇంగ్లిషులో, దీని నుంచి పుట్టిన ‘హిలేరియస్’ అనే మాటకు వచ్చింది. 2 కొరింథీ 9:7లో పౌలు వాడిన ‘హిలారోస్’కు ప్రసన్నంగా, మనసారా అని అర్థం. మన బైబిల్లో ‘ఉత్సాహముగా’ అన్నారు, బాగానే ఉంది.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ వచనంలోని ఇంకో మాట, ‘ప్రొఏరేతై’. ముందే మనసులో ఎంచుకోవడం. కొత్త నిబంధనలో ఈ క్రియ ఇక్కడొక్కచోటే ఉంది. మా పరకాల దిక్కు అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందే పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెస్తారు. ఎవరూ అడగకముందే తీసిన పిడికెడు! ఆ మాట నాకు అక్కడే అర్థమైంది.

‘సణుగుకొనకయు’ అన్నచోట గ్రీకులో ‘ఎక్ లూపేస్’, అంటే బాధతో. సణుగుడు బయటికి వినిపిస్తుంది. లూపే లోపలి నొప్పి, పైకి నవ్వుతూ ఇచ్చినా ఉండొచ్చు. ద్వితీయోపదేశకాండం 15:10 గ్రీకు అనువాదంలోనూ, పేదవాడికి ఇచ్చేటప్పుడు మనసు నొచ్చుకోవద్దని చెప్పేచోట, ఇదే ధాతువు. పౌలు అడిగిందీ యెరూషలేములోని పేద విశ్వాసుల కోసమే. ‘బలవంతముగా కాకయు’ అని కూడా ఇందులోనే ఉంది. కాబట్టి ఈ వచనం చూపించి ఎవరినైనా బలవంతపెడితే, ఆ వచనాన్నే కాదన్నట్టు.