థార్‌లో 95 పెట్రోల్ కొట్టిస్తే మైలేజ్ పెరుగుతుందా?

డల్లాస్‌లో మీ బావగారు ఫోర్డ్ రాప్టర్ పికప్‌కి 93 ఆక్టేన్ పెట్రోల్ వాడుతున్నారని, భీమవరంలో మీ పెట్రోల్ థార్‌కి 95 కొట్టిస్తే మైలేజ్ పెరుగుతుందా అని అడిగారు. టెక్సాస్‌లో ఉన్నప్పుడు నాలుగేళ్లు రాప్టరే నడిపాను. పాలకొల్లు తిరిగొచ్చాక పెట్రోల్ థార్ కొన్నాను. రెండింటికీ ప్రతి ట్యాంకు లెక్కా రాసుకున్నాను. మైలేజ్ కోసమైతే వద్దండి.

అసలు ఆ 93, ఈ 95 ఒకే కొలత కాదు. మన దగ్గర చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్. అమెరికాలో రీసెర్చ్, మోటార్ అనే రెండు పరీక్షల సగటు రాస్తారు. వాళ్ల 87 దాదాపు మన 91. వాళ్ల 93 మన 98 దగ్గర ఉంటుంది.

ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉన్న శక్తి కాదు. సిలిండర్‌లో ఒత్తిడి, వేడి పెరిగినా తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఇంజిన్‌లో నాకింగ్, అంటే పెట్రోల్ అలా తనంతట తాను అంటుకోవడం, మొదలైతే సెన్సర్ పసిగడుతుంది, స్పార్క్ ఆలస్యమవుతుంది, లాగుడు తగ్గుతుంది. నా రాప్టర్ 3.5 లీటర్ల ట్విన్ టర్బో, 450 హార్స్‌పవర్. అయినా 87తో నడిచేలాగే చేశారు. ఆగస్టు ఎండలో పడవ ట్రైలర్ కట్టి లాగినప్పుడు 93 తేడా బాగా తెలిసింది. ఖాళీగా ఆఫీసుకి వెళ్లొస్తే మాత్రం 87తో గాలన్‌కి 15 మైళ్లు, అంటే లీటరుకి 6.4 కిలోమీటర్లు. 93తో పదిహేనున్నర మైళ్లు. పెరిగింది 3 శాతం, రేటు తేడా 20 శాతం పైనే. హైవే మీద 75 మైళ్ల వేగాన్ని 65కి తగ్గిస్తే అంతకంటే ఎక్కువే కలిసొచ్చేది. 35 అంగుళాల టైర్లతో అంత ఎత్తు బండి గాలిని చీల్చుకుంటూ పోవాలి కదా.

మన డెల్టాలో ఎత్తు ఎక్కడమంటే చించినాడ వంతెన లాంటివే. కాలవ గట్టు మీద 40లో పోయే బండికి టర్బో మీద భారమే పడదు. పైగా ఇప్పుడు మామూలు పెట్రోలే 20 శాతం ఇథనాల్‌తో వస్తోంది, దాని ఆక్టేన్ ప్రమాణమే 95. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, అందుకే మైలేజ్ కాస్త పడుతుంది. ఆ లోటుని ఆక్టేన్ పూడ్చదు. మే నెలలో మనుషులు, సామాన్లతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కాల్సి వస్తే మాత్రం ఇంకా ఎక్కువ ఆక్టేన్‌ది దొరికితే కొట్టిస్తాను.

నాకు ఆక్టేన్ కంటే నీళ్లంటేనే టెన్షన్. బంకు ట్యాంకులోకి వాననీరు దిగితే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగుకి చేరుతుంది. ఒక తుపాను తర్వాత పల్లంలో ఉన్న బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించాను. ఊరు దాటకముందే బండి జర్కులు, ఇంజిన్ లైట్. నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజది. ట్యాంకు దింపి కడిగించేసరికి రెండు రోజులు పట్టింది. వానాకాలంలో మెరక మీద, బాగా అమ్మకాలున్న బంకు చూసుకోండి. అనుమానం వస్తే బంకు ట్యాంకులో దించే డిప్ రాడ్‌కి, నీళ్లు తగిలితే రంగు మారే వాటర్ పేస్ట్ రాసి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

మీ థార్ 2023 ఏప్రిల్‌కి ముందుదైతే చెప్పండి, ఇథనాల్‌కి దాని రబ్బరు పైపులు, సీళ్ల సంగతి విడిగా రాస్తాను.