పరిగె గింజల నుంచి మొదలుపెట్టు

ప్రభువునందు ప్రియమైన చిట్టితల్లికి పెద్దమ్మ వందనాలు.

వచ్చే నెల స్త్రీల సమాజంలో "బైబిల్లోని ఆహారాలు, వాటి ఆత్మీయ అర్థం, ఆరోగ్య ప్రయోజనాలు" అనే అంశం నీకిచ్చారని ఫోన్‌లో చెప్పావు కదా. నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా చూశాను. మొత్తం 18 ఆహారాలు. దానిమ్మ గుండెకి, అంజూరం మలబద్ధకానికి, తేనె సర్వరోగాలకి, ఒక్కోదాని పక్కన ఒక్కో వచనం. కోపం తెచ్చుకోకు గానీ, అది మందుల షాపు చీటీలా ఉందే అమ్మా. దాన్ని పక్కన పెట్టెయ్. నేను 34 ఏళ్ళు నర్సుగా చేశాను, అంతకంటే ఎక్కువ కాలం సండేస్కూల్లో పాఠాలు చెప్పాను. అందుకే ఈ విషయంలో నాకు కాస్త చాదస్తం ఎక్కువ.

నువ్వు పండు పేరుతో మొదలుపెట్టకు. ఆ పూట ఎవరు తిన్నారు, ఎవరు పెట్టారు, ఆ ఇంట్లో ఏముంది, ఏం లేదు, అది చెప్పు. అర్థం అక్కడే దొరుకుతుంది. ఆరోగ్యం సంగతి ఆ తర్వాత రెండు ముక్కల్లో చెబితే సరిపోతుంది.

విధవరాలై, అత్త వెంట పరాయి దేశం వచ్చి, పొలంలో పరిగె ఏరుకున్న రూతుతో మొదలుపెట్టు. ఎందుకంటే ఆ కథ మన ఇంట్లో జరిగింది. మా అమ్మమ్మ, అంటే నీకు ముత్తవ్వ, తెనాలి దగ్గర పల్లెలో కోతలయ్యాక పరిగె ఏరడానికి వెళ్ళేది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు నేనూ వెంట వెళ్ళాను. వరి కొయ్యకాళ్ళు పాదాలకి గుచ్చుకునేవి. ఆవిడ నడుము వంచితే మళ్ళీ గట్టు దాకా ఎత్తేది కాదు. రాలిన వెన్నులు ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకునేది. సాయంత్రానికి ఇంటికొచ్చి, వాకిట్లో పోసి కాళ్ళతో నులిమి, చేటలో చెరిగితే మానెడు వడ్లు తేలేవి. కొందరు ఆసాములు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు, కొందరు దూరం నుంచే అదిలించేవాళ్ళు. గుడిలో అయ్యగారు రూతు గ్రంథం చదివిన రోజు, చదువు రాని మా అమ్మమ్మ నా చెవిలో "ఇది మన కతేనే" అంది.

మన తెలుగు బైబిల్లో ఆ మాటే ఉంది చూడు, పరిగె అని. లేవీయకాండం 19వ అధ్యాయంలో దేవుడు పొలం ఓరలు పూర్తిగా కోయొద్దన్నాడు, రాలిన పరిగె ఏరుకోవద్దన్నాడు, అది బీదలకీ పరదేశులకీ వదిలేయమన్నాడు. అంటే రూతు ఏరుకున్నది ఎవరి దయా కాదు, ఆమె హక్కు. ఆ పొలం ఆసామి బోయజు అంతకంటే ఒక అడుగు ముందుకేశాడు. పనల్లోంచి కావాలనే కొన్ని లాగి పడేయమని కూలీలకి చెప్పాడు. మధ్యాహ్నం పిలిచి కూర్చోబెట్టి, రొట్టె చిరకలో ముంచుకోమన్నాడు, పేలాలు అందించాడు. చిరక అంటే పులిసిపోయిన ద్రాక్షారసం. ఎండలో పనిచేసేవాళ్ళకి ఆ పులుపు మన తరవాణి లాంటిదనుకో. ఆమె కడుపునిండా తిని, మిగిలింది దాచి అత్తకి పట్టుకెళ్ళింది. ఆ దాచిన పేలాల దగ్గర కాసేపు ఆగు. మన ఆడవాళ్ళకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆమె ఏరింది యవలు, అంటే మనం బార్లీ అనే గింజ. గోధుమ కంటే ముందు కోతకొస్తుంది, చవక. సొలొమోను గుర్రాలకి వేసిన మేతలో కూడా యవలున్నాయి. ఐదు వేలమందికి పంచిన ఆ ఐదు రొట్టెలూ యవల రొట్టెలేనని నాలుగు సువార్తల్లో యోహాను ఒక్కడే రాశాడు. అంటే ఆ పిల్లాడు తెచ్చింది లేనివాళ్ళ ఇంటి టిఫిన్. ఇప్పుడు ఆరోగ్యం సంగతి చెప్పు. బార్లీలో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. అది పేగులో జిగురులా మారి కొలెస్ట్రాల్‌ని కొంత తగ్గిస్తుంది, తిన్న వెంటనే షుగర్ ఎగబాకకుండా చూస్తుంది. మనవాళ్ళు మూత్రంలో మంటకి బార్లీ నీళ్ళు కాచి, వడకట్టి, గింజలు పారేస్తారు. సుగుణంలో సగం ఆ గింజల్లోనే ఉంది, ఉడికించి గింజతో సహా తినమని చెప్పు.

ఇక తేనె. ఇక్కడ నా మాట జాగ్రత్తగా విను.

నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో ఒకావిడ కాలి వేలికి పుండుతో వచ్చింది. యాభై దాటింది. వాగ్దాన దేశం పాలు తేనెల దేశం కాబట్టి దేవుడిచ్చిన తీపి హాని చెయ్యదని ఎవరో చెప్పారట. పొద్దున్నే రెండు చెంచాల తేనె, గుప్పెడు ఖర్జూరాలు తింటూ, నాలుగు నెలలుగా షుగర్ బిళ్ళలు మానేసింది. ఆ రోజు షుగర్ 480. చివరికి వేలు తీసెయ్యాల్సి వచ్చింది. "దేవుడి మీద భారం వేస్తే ఇలా అయిందేంటి సిస్టర్" అని అడిగింది. సామెతలు 25:16 నా నోటి దాకా వచ్చింది. తేనె దొరికితే తగినంతే తిను, ఎక్కువైతే కక్కేస్తావు అని ఉంటుంది అక్కడ. చదవలేదు. మాట్లాడకుండా కట్టు మార్చాను. నువ్వు మాత్రం ఆ వచనం ముందే చదివి వినిపించు, ఎవరికీ కట్టు కట్టే అవసరం రాకుండా.

తేనెలో 100 గ్రాములకి సుమారు 80 గ్రాములు చక్కెరే. ఏది నిజమైన తేనె, ఏది కల్తీ అన్న చర్చ షుగర్ ఉన్నవాళ్ళకి అనవసరం. సౌలు రాజు కొడుకు యోనాతాను తేనె రుచి చూడగానే కళ్ళు ప్రకాశించాయని మొదటి సమూయేలు 14లో ఉంది. నిజమే, పగలంతా తిండి లేకుండా యుద్ధం చేసినవాడు. షుగర్ పడిపోయినవాళ్ళకి మేం గ్లూకోజ్ ఇచ్చేదీ అందుకే. అదే తేనె మంచం దిగనివాళ్ళకి ఇంకోలా పనిచేస్తుంది. ఇంకోటి, ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించొద్దని గట్టిగా చెప్పు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఇమ్మానుయేలు అనే బిడ్డ పెరుగు, తేనె తింటాడని యెషయా 7లో ఉంది కదా అని ఎవరో ఒకరు లేచి అడుగుతారు. మంచి చెడు తెలిసే వయసు గురించి అక్కడ ప్రవక్త మాట్లాడుతున్నాడు, పురిటి మంచం గురించి కాదని చెప్పు.

అంజూరం దగ్గర నాకు బాగా ఇష్టమైన కథ ఉంది. హిజ్కియా రాజు పుండుతో చావబోతున్నాడు. గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు 15 ఏళ్ళ ఆయుష్షు పెంచానన్నాడు. అక్కడితో అయిపోవాలి కదా? కాదు. యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకి కట్టమన్నాడు. ప్రార్థనకి జవాబొచ్చాక కూడా కట్టు కట్టారన్నమాట. బిళ్ళలు మానేస్తే విశ్వాసం, వేసుకుంటే అవిశ్వాసం అనేవాళ్ళకి ఈ ఒక్క ముద్ద చాలు. (అంజూరం ముద్ద ఇప్పుడు పుళ్ళకి పెట్టమని కాదు సుమా. మనవాళ్ళు పెట్టేస్తారు, అందుకే చెబుతున్నా.) తినడానికైతే ఎండు అంజూరాలు మంచివే. పీచు, కాల్షియం, పొటాషియం ఉంటాయి. రాత్రి రెండు నానబెట్టుకుని తింటే విరేచనం సాఫీగా అవుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పొటాషియం సంగతి డాక్టర్ని అడగాలి.

ఏశావు ఆకలికి తన జ్యేష్ఠత్వం, అంటే పెద్దకొడుకు హక్కు, అమ్ముకున్న వంటకం ఏంటని అడుగు. అందరూ చిక్కుడుకాయలంటారు, ఎందుకంటే మన తెలుగు బైబిల్లో అలాగే ఉంది. మూల భాష హీబ్రూలో ఉన్న మాటకి మన మైసూరుపప్పే దగ్గర. ఎర్రగా ఉడికిందని ఏశావే అన్నాడు కదా, "ఆ యెర్రయెర్రగా నున్నది" అని. చిక్కుడుకాయ ఎర్రగా ఎలా ఉంటుంది? చిన్నప్పుడు ఇది నాకు పెద్ద డౌటు. ఆ పప్పులో తప్పేం లేదు, మంచి ప్రొటీన్. ఆకలి మీద ఉన్నప్పుడు బేరం ఆడటంలోనే తప్పంతా ఉంది.

యెహెజ్కేలు ప్రవక్త రకరకాల గింజలు కలిపి చేసుకున్న రొట్టె గురించి నీ జాబితాలో "ఆరోగ్యానికి అద్భుతం" అని రాశావు. అమెరికాలో ఆ పేరుతో రొట్టెలు అమ్ముతారు. గింజల కలయిక నిజంగానే మంచిది. ప్రొటీన్‌లో ఉండే భాగాల్లో, ధాన్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ ధాన్యంలో ఉంటుంది. మన పప్పన్నం, ఇడ్లీ చేసే పనీ అదే. కానీ యెహెజ్కేలు 4వ అధ్యాయం మొత్తం చదువు. అది ముట్టడిలో తినే కరువు రొట్టె. రోజుకి 20 తులాలు, అంటే సుమారు 230 గ్రాములు, అదీ తూచి తినాలి, నీళ్ళు కూడా కొలిచి తాగాలి. ప్రవక్త బతిమాలితే చివరికి దేవుడు ఆవు పేడ మీద కాల్చుకోమని సెలవిచ్చాడు. ఆ వచనం చదివి వినిపించినప్పుడు మా అమ్మమ్మకి కొత్తేం అనిపించలేదు, మా ఇంట్లో అన్నం ఉడికిందే పిడకల మీద. మన అనువాదకులు ఆ గింజల్లో చోళ్ళు, సజ్జలు కూడా చేర్చారు. ఆ పూట యెరూషలేం వాళ్ళకి అది శిక్ష. ఆరోగ్యం పేరుతో ఆ ఏడుపుని తుడిచెయ్యకు.

దానియేలు ఉపవాసం గురించి కచ్చితంగా అడుగుతారు, బరువు తగ్గడానికి పనికొస్తుందా అని. బబులోనుకి చెరగా పోయిన దానియేలు, అతని స్నేహితులు పది రోజులు శాకధాన్యాదులు, నీళ్ళే తీసుకున్నారు. రోజులయ్యాక మన బైబిల్లో వాళ్ళ ముఖాలు కళగా కనబడ్డాయని ఉంది, హీబ్రూలోనైతే ఒళ్ళు చేశారనే ఉంది. కాబట్టి బరువు తగ్గించే డైట్‌కి దానియేలు సాక్ష్యం పనికిరాదు! రాజు పంక్తిలో తిని అపవిత్రం కాకూడదని ఆ కుర్రాళ్ళు అనుకున్నారు. పరాయి దేశంలో, పేర్లు కూడా మార్చేసిన చోట, కంచం ఒక్కటే వాళ్ళ చేతిలో మిగిలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పది రోజులు మాంసం, నూనె వంటలు మానితే మంచిదే. షుగర్ బిళ్ళలో ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి మోతాదు మార్చుకోకుండా ఉపవాసం మొదలుపెడితే ప్రార్థనలోనే కళ్ళు తిరిగి పడిపోతారు. లెంటు ఉపవాస రోజుల్లో అలాంటివాళ్ళని చాలామందిని పడుకోబెట్టాను.

ఒలీవ నూనె కోసం ఎవరూ అప్పు చెయ్యనక్కర్లేదని చెప్పు. అందులో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లం అనే కొవ్వు మన వేరుశనగ నూనెలోనూ బాగానే ఉంటుంది. కరువులో ఏలీయా ప్రవక్తకి తిండి పెట్టిన సారెపతు ఊరి విధవరాలి బుడ్డిలో ఉన్నది కూడా ఆ ఊళ్ళో దొరికే నూనే. పట్టెడు పిండిలోంచి ముందు పరాయివాడికి అప్పం చేసిచ్చింది, ఆ చెయ్యి గురించి మాట్లాడు. ఉప్పు సంగతి ఒక్క మాటలో తేల్చెయ్. యేసు లోకానికి ఉప్పుగా ఉండమన్నాడు గానీ ఆవకాయ జాడీలో ఉండమనలేదు. రోజుకి 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఒక టీస్పూను.

మాటలతో ఆపకుండా ఒక వంటకం చేసి పట్టుకెళ్ళు. రాత్రే కప్పు బార్లీ నానబెట్టు. పొద్దున కుక్కర్లో ఐదారు కూతలు రానిచ్చి, అందులో రెండు కప్పుల మైసూరుపప్పు వేసి మళ్ళీ మెత్తగా ఉడికించు. ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్రతో తాలింపు పెట్టు. ఇవన్నీ బైబిల్లో ఉన్నవే. ఉల్లి, వెల్లుల్లి కోసం ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఏడ్చారు కూడా. గుంటూరు మిరపకాయ మాత్రం లేదు, అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. అయినా నాలుగు ఎండుమిర్చి వెయ్యి, లేకపోతే మనవాళ్ళు ముట్టరు.

పెట్టేటప్పుడు మాత్రం ముందు కుర్చీల నుంచి మొదలుపెట్టకు. మొన్న ఒక ప్రేమవిందులో చూశాను, వెనక వరస దాకా వచ్చేసరికి బిర్యానీలో ముక్కలు లేవు. కొరింథు సంఘాన్ని పౌలు తిట్టింది ఇందుకే, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడని. నువ్వు వెనక చాప మీద కూర్చునే పెద్దవాళ్ళకి ముందు పెట్టు. వాళ్ళలో పరిగె ఏరినవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. రూతు కథ దగ్గరికి రాగానే మైకు వాళ్ళ చేతికిచ్చి, నువ్వు కాసేపు కూర్చో.

బార్లీ మీ వీధి కిరాణాలో దొరక్కపోతే మందుల షాపులో అడుగు.

నీ పెద్దమ్మ