లంద పెడుతున్న అల్లునికి

అల్లుడా,

పరకాల దిక్కు లంద, అంటే పచ్చి తోళ్ళను పదును జేసే గుంటలు, పెడుతున్నవని విన్న. మనోళ్ళు ఇడిసిపెట్టిన పనిని నువ్వు మళ్ళ పట్టుకున్నవంటే కడుపు నిండింది. గుబులు గూడ పుట్టింది.

ఉప్పు సంగతి నీకెరుకే. ఒలిచిన పూటనే పట్టియ్యాలె, తోలు బరువుల సగం దాక.

నేను గట్టిగ చెప్పేది వయసు గురించి. గుంట ఖర్చు కలిసొస్తదని లేగ తోలును, ముసలి బర్రె తోలును ఒకే సున్నంల ఏస్తరు. రెండూ ఖరాబైతయి. లేగ తోలుల పోగులు లేతయి, సున్నం జల్ది గుంజుతయి. నాలుగైదు దినాలకే బొటనవేలితోని తోస్తే ఎంట్రుక జారుతది. అప్పుడే తియ్యి. ముసలిదాని కోసం ఆగినవో, పోగులు కరిగి మీది పొర వదులైతది. మడిచి చూస్తే సన్నటి ముడుతలు లేస్తయి, చెప్పు పైపట్టకు పనికిరాదు. ముసలి తోలుల పోగులు ఏండ్ల తరబడి ఒకదాన్నొకటి పట్టుకోని బిగిసి ఉంటయి. రోజూ తిరగేసుకుంట పది పదిహేను దినాలు ఉంచాలె. తొందరపడితే ఎంట్రుక వేర్లు లోపల్నే ఉండి, తోలును పదును జేసే తంగేడు చెక్క రసం దిగది.

తోలు వచ్చేసరికి వయసు తెలుసుకోను గొడ్డు పండ్లు చూసే వీలుండదు గద! ఎంట్రుక చూడు. బర్రె లేగకు ఒత్తుగ ఉంటది, ముదిరినకొద్దీ పలచబడతది. ముసలిదానికి మెడ కాడ ముడుతలుంటయి, ఎంత సాపు జేసినా పోవు. ఆ ముక్క చెప్పు అడుగుకు పెట్టుకో. ఈతలు ఎక్కువైనదానికి పొట్ట తోలు సాగి ఉంటది, దాన్ని నమ్మకు.

బతుకమ్మకు పూలు కోసే ఆ తంగేడు చెక్కనే మనకు ఆధారం. ముందు పాత పలచటి రసం, తర్వాత చిక్కటిది. ముసలి తోలును మొదలే చిక్కటి దాంట్ల ముంచితే మీది పొర గట్టిపడి దారి మూసుకుంటది. దినాలు లెక్కపెట్టకు, అంచు కోసి చూడు. నడుమ తెల్లగీత కనబడితే ఇంక పచ్చిదే. అట్లనే తీసి ఆరబెడితే ఆ గీత కాడ్నే బిర్రుగై పగులుతది. చివరికి కరక్కాయ నీళ్ళు పట్టియ్యి, లేకుంటే ఎండ తాకి తోలు ఎర్రబడతది.

ఇంకొకటి, ఇది మాత్రం యాది మరువకు. ఉబ్బిపోయి, ముక్కులకెల్లి గడ్డకట్టని నల్లనెత్తురు కారే గొడ్డును ముట్టకు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ఉప్పుకు, సున్నానికి ఆ క్రిమి చస్తదని నమ్మరాదు, చేతి మీద చిన్న గీత చాలు లోపలికి పోవటానికి. కోయకుండ పశువుల డాక్టరును పిలువు. తోలు పోతే పోనీ బిడ్డా, నువ్వు బాగుండాలె.

సున్నం పనికి మోచేతుల దాక వచ్చే తొడుగులు రెండు జతలు పంపుతున్న. ఒకటి చినిగితే ఆ రోజే రెండోది తొడుగు.

నీ మేనమామ