డాక్టర్ సలహా: ప్యాకెట్ కాపుచినో, పొద్దుటి థైరాయిడ్ మాత్ర

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ హాస్టల్‌లో ఉంటున్నాను. కాఫీ షాపులో కాపుచినోకు రెండు వందల రూపాయలకు పైగా అవుతోందని, ఏడాదిగా వేడినీళ్లలో కలుపుకొనే సాచెట్లు వాడుతున్నాను. పొద్దున లేవగానే ఒకటి, రాత్రి పది గంటలకు చివరిది, మొత్తం రోజుకు నాలుగు. థైరాయిడ్‌కు 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తంలో పెరిగేది) 8.4 వచ్చింది. గత వారం మోతాదు 75కు పెంచారు. హిమోగ్లోబిన్ 10.2, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు చక్కెర పరీక్ష) 5.9 ఉన్నాయి. నాలుగు కిలోల బరువు పెరిగాను. నిద్ర సరిగా పట్టడం లేదు. సాచెట్ వెనుక భాగం ఫొటో పంపుతున్నాను. వీటిని మానేయాలా? కాఫీ షాపు కాఫీయే మంచిదా?
– ఒక పాఠకురాలు

సలహా: మీ ఉత్తరంలో ‘పొద్దున లేవగానే ఒకటి’ అన్న చోట ఆగిపోయాను. థైరాయిడ్ మాత్ర వేసుకొనేదీ పొద్దున లేవగానే కదా! ఆ రెండింటికీ మధ్య ఎంతసేపు ఎడం ఇస్తున్నారో మీరు రాయలేదు. చాలామంది ఇవ్వరు. కెటిల్‌లో నీళ్లు కాగేలోపు మాత్ర మింగేసి, ఆ వెంటనే కాఫీ తాగేస్తారు. నా దగ్గరికి వచ్చే థైరాయిడ్ బాధితుల్లో మోతాదు పెంచినా టీఎస్‌హెచ్ తగ్గని వారిని ముందుగా అడిగే ప్రశ్న ఇదే.

థైరాయిడ్ మాత్ర చాలా సున్నితమైన మందు. ఖాళీ కడుపున, మామూలు నీళ్లతో వేసుకుంటేనే పేగుల నుంచి రక్తంలోకి సరిగ్గా చేరుతుంది. కాఫీ దాన్ని అడ్డుకుంటుంది. పాలలోని క్యాల్షియం కూడా అంతే. ఇటలీ వైద్యులు 2008లో ఈ విషయాన్నే ప్రచురించారు. మాత్రతో పాటే కాఫీ తాగుతూ టీఎస్‌హెచ్ అదుపులోకి రానివారికి గంట తర్వాత కాఫీ తాగమని చెబితే ఫలితం మెరుగుపడింది. కాబట్టి రేపటి నుంచి మాత్ర వేసుకున్నాక కనీసం గంటపాటు నీళ్లు తప్ప మరేమీ వద్దు. పొద్దున ఆ గంట దొరకకపోతే, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు మాత్ర వేసుకోవచ్చు. ఈ మార్పు మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే చేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇన్నాళ్లూ మాత్ర సగం వృథా అవుతున్నందువల్లే మోతాదు పెరిగిందనుకుందాం. ఇప్పుడు అది పూర్తిగా ఒంటబడితే 75 మైక్రోగ్రాములు మీకు ఎక్కువైపోవచ్చు. గుండె దడ, చేతుల వణుకు, ఊరికే చెమటలు పట్టడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. మీరుగా మోతాదు తగ్గించుకోవద్దు. పొద్దున కాఫీ ఎప్పుడు తాగేవారో, ఇప్పుడు ఎంత ఎడం ఇస్తున్నారో కూడా ఆయనకు తెలియాలి.

ఇక సాచెట్ సంగతి. రెండు వందలు మిగులుతాయని దానికి మారినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. జీతంలో సగం హాస్టల్‌కూ ఇంటికీ పోయే వయసులో అది సబబైన లెక్కే. అయితే ఆ తక్కువ ధరకు మీ చేతికి వస్తున్నది ఏమిటో చూడండి. ప్యాకెట్ మీద పదార్థాలను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నిబంధన. మీరు పంపిన ఫొటోలో మొదటి పేరు చక్కెర. తర్వాత గ్లూకోజ్ సిరప్, పాల ఘనపదార్థాలు, హైడ్రోజనేటెడ్ వనస్పతి కొవ్వు. ఇన్‌స్టంట్ కాఫీ అయిదో స్థానంలో ఉంది, అదీ 11 శాతమే. అంటే 15 గ్రాముల సాచెట్‌లో కాఫీ గ్రామున్నర, చక్కెర 8 గ్రాములు. నాలుగు సాచెట్లకు 32 గ్రాముల చక్కెర! పదార్థాలకు విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నం, టిఫిన్, బిస్కెట్లు ఇంకా మొదలుకాకముందే మీరు ఆ గీత దాటేస్తున్నారు. కొన్ని బ్రాండ్లలో మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటుంది, పిండిపదార్థం నుంచి తీసే పొడి. అది చక్కెర లెక్కలో కనిపించదు, కానీ రక్తంలో గ్లూకోజును చక్కెరలాగే వేగంగా పెంచుతుంది. ‘చక్కెర కలపలేదు’ అని రాసిన రకాలు కొన్నా ఈ పేరు ఉందేమో వెతకండి.

కప్పు మీద తేలే నురుగు కూడా పాలను చిలికితే వచ్చింది కాదు. పొడి రేణువుల్లో ముందే బంధించి ఉంచిన గాలి, వేడినీళ్లు తగలగానే బుడగలై పైకి వస్తుంది. అందులో హాని లేదు. నాకు బాధ కలిగించేది పాలు తగ్గిపోవడం. 150 మిల్లీలీటర్ల పాలతో చేసిన కాపుచినోలో సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు, 180 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటాయి. పొడిలో పాల వంతు కొద్దిపాటిదే. హైడ్రోజనేటెడ్ కొవ్వు గురించి అనవసరంగా భయపడకండి. దానితో వచ్చే భయం ట్రాన్స్‌ఫ్యాట్ అనే గుండెకు చేటైన కొవ్వు గురించే; నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతానికి మించకూడదన్న నియమం మన దేశంలో 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అయినా హైడ్రోజనేటెడ్ కొవ్వు సంతృప్త కొవ్వే. కిడ్నీ జబ్బు ఉన్న పాఠకులు ఈ పొడుల్లో కలిపే ఫాస్ఫేట్ లవణాల కారణంగా వీటికి దూరంగా ఉండాలి.

మరి కాఫీ షాపు మేలా? చక్కెర లేని మామూలు కాపుచినో అయితే మేలే. క్రీము, సిరప్‌లు వేసిన పెద్ద గ్లాసు చల్లటి కాఫీ అయితే మీ సాచెట్ కంటే బరువైనది. స్నేహితులతో నెలకొకసారి వెళ్లి కూర్చోండి, ఆ సరదాను వదులుకోవద్దు.

రోజూ తాగడానికి మాత్రం కెటిల్ ఉంటే చాలు. చిన్న స్టీలు ఫిల్టర్ కొనుక్కోండి. కాఫీ పొడి మీద మరిగిన నీళ్లు పోసి ఉంచితే డికాక్షన్ దానంతటదే దిగుతుంది, పొయ్యి అక్కర్లేదు. హాస్టల్ వంటగదిలో అరగ్లాసు వేడి పాలు అడిగి తీసుకొని రెండు గ్లాసుల మధ్య ఎత్తి తిరగబోయండి. మా అమ్మ చేతి కాఫీకి ఆ నురుగే అందం. ఫిల్టర్ వద్దనుకుంటే చెంచా ఇన్‌స్టంట్ పొడి, అర చెంచా చక్కెర, రెండు చుక్కల నీళ్లు వేసి రంగు తేలేవరకు గిలక్కొట్టి పాలు పోయండి. పొడి కొనేటప్పుడు చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతం ఉందో చూడండి. మిశ్రమమైతే ఆ వివరం ప్యాకెట్ మీద ఉండి తీరాలి.

ఎన్ని కప్పులు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదు. కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 ఉంటుంది. కాబట్టి మీ నాలుగు కప్పులు హద్దులోనే ఉన్నాయి. నిద్రను పాడుచేస్తున్నది పది గంటల కప్పు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత వద్దు, రోజుకు రెండు చాలు. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది గనుక రెండు వారాల్లో మెల్లగా తగ్గించండి.

భోజనానికి గంట ముందు, గంట తర్వాత కూడా కాఫీ వద్దు. తిండిలోని ఇనుమును అది ఒంటబట్టనివ్వదు, మీ హిమోగ్లోబిన్ ఇప్పటికే తక్కువగా ఉంది. మీ వయసు మహిళలకు 12 అయినా ఉండాలి. ఐరన్ మాత్రలు మొదలుపెడితే వాటికీ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం తప్పనిసరి.

హెచ్‌బీఏ1సీ 5.9 అంటే మధుమేహానికి ముందు దశ. 5.7 నుంచి 6.4 వరకు ఆ దశగానే లెక్క. అయితే ఇనుము లోపం ఉన్నప్పుడు ఈ పరీక్ష కాస్త ఎక్కువ చూపించగలదు. అందుకని ఫెర్రిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వలు చూపే పరీక్ష)తో పాటు పరగడుపున, తిన్న రెండు గంటల తర్వాత గ్లూకోజు పరీక్షలు చేయించండి. టీఎస్‌హెచ్‌కు తొందరపడవద్దు. మాత్రకూ కాఫీకీ ఎడం పాటించడం మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు చేయించి, ఆ రిపోర్టుతో మీ డాక్టరును కలవండి. ఈలోపు గర్భం దాల్చే ఆలోచన ఉంటే మాత్రం అన్నాళ్లు ఆగకుండా ముందే వెళ్లండి.