‘కణితి’ కణంలోంచి పుట్టిందా?

సందేహం: ‘కణితిపై రోగనిరోధక చికిత్స – లుకేమియా రోగికి ఊరట’ అన్న శీర్షిక చూశాను. కణాలు గుంపుగా పెరిగితేనే కదా కణితి! ఈ రెండు మాటలకూ పుట్టుక ఒకటేనా? ఇమ్యూనోథెరపీని రోగనిరోధక చికిత్స అనవచ్చా?

సమాధానం: వాటికి చుట్టరికం లేదు. ‘కణం’ సంస్కృతం, నలుసు, నూక అని అర్థం. జీవశాస్త్రంలో ‘సెల్’కు దాన్ని తర్వాత వాడుకున్నారు. కణితి, కంతి తెలుగు మాటలు; ఒంటిమీద లేచిన గడ్డకు పేర్లు. పోలిక చెవికే.

ఆ శీర్షికలో అసలు తప్పు వేరే ఉంది. లుకేమియా అనే రక్తక్యాన్సర్‌లో సాధారణంగా చేతికి తగిలే కణితి ఉండదు, చెడ్డ కణాలు నెత్తురులో, మూలుగలో ఉంటాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి రూపొందించగా మన దేశంలో 2023లో అనుమతి పొందిన నెక్స్‌కార్19 అనే కణచికిత్స కొన్ని రక్తక్యాన్సర్లకే. రోగి నెత్తురులోంచి టి-కణాలను (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) వేరుచేసి, వైరస్ వాహకంతో కొత్త జన్యువు చేర్చి, ప్రయోగశాలలో పెంచి తిరిగి నరంలోకి ఎక్కిస్తారు. అవి పైపొరమీద సీడీ19 అనే గుర్తున్న బి-కణాలను (తెల్లకణాల్లో ఇంకో రకం; ఈ క్యాన్సర్ వచ్చేది వీటికే) పట్టి చంపుతాయి. ఆ గుర్తు మంచి బి-కణాలకూ ఉంటుంది, కాబట్టి అవీ పోతాయి. ‘క్యాన్సర్ కణాలను మాత్రమే చంపే’ అని రాసేవారు ఆ ‘మాత్రమే’ కొట్టేయాలి.

కణితి అన్న మాట అతికినట్టు సరిపోయేది టిల్ చికిత్సకు. మెలనోమా అనే చర్మక్యాన్సర్ కణితిని కొంత కోసి తీసి, దానిలోకి అప్పటికే చొరబడి ఉన్న టి-కణాలను కోట్లలో పెంచి రోగికే ఎక్కిస్తారు. అమెరికాలో 2024లో దీనికి అనుమతి వచ్చింది.

ఇక ‘రోగనిరోధక చికిత్స’. వ్యాధినిరోధక టీకా అంటే జబ్బు రాకుండా వేసేది. ఆ అలవాటుతో చదివేవారికి ఇదీ ముందుజాగ్రత్త చికిత్సే అనిపిస్తుంది. ఇక్కడేమో రోగం వచ్చేసింది. ‘రోగనిరోధక కణాలతో చికిత్స’ అంటే చాలు, ఒక్క ‘తో’ చిక్కు విప్పేస్తుంది. లేదా ఇమ్యూనోథెరపీ అనే రాయండి, తప్పేం లేదు.

‘జన్యుమార్పిడి కణాలు’ కూడా నాకు నచ్చదు. కిడ్నీ మార్పిడి, మూలకణ మార్పిడి అన్నచోట మార్పిడి అంటే ఒకరిది ఇంకొకరికి పెట్టడమనే చదువుతారు. నెక్స్‌కార్19లో కణాలు రోగివే. ‘జన్యువు మార్చిన’ అనండి. ‘శిక్షణ ఇచ్చిన కణాలు’ అన్నా కుదరదు, వాటికి ఎవరూ పాఠం చెప్పలేదు.

‘టీ కణాలు’ అని దీర్ఘం పెట్టకండి, తేనీరు గుర్తొస్తుంది. ఆ ‘టి’ థైమస్ గ్రంథి ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరం.