కట్టించే పాఠంలో టీచర్ చేతులు ఎక్కడుండాలి?

బ్లాకులతో పాఠం చెప్పాలి, కట్టింది కూలిపోతే పిల్లలు ఏడుస్తారేమో, క్లాసు గోలగోల అయిపోతుందేమో అని టెన్షన్‌గా ఉందన్నారు కదా. ట్రైనింగ్‌లో నాదీ ఇదే భయం, ఆ భయంతోనే మొదటి పాఠం పాడుచేశాను.

ఐదారేళ్ల పిల్లలు. రెండు బ్లాకుల కుప్పల మధ్య కాగితంతో వంతెన వేసి, దాని మీద బొమ్మ కారు నిలబెట్టాలి. కాగితం కుంగగానే నేనే వెళ్లి మడతపెట్టి చూపించేశాను. అందరివీ నిలబడ్డాయి, ఎందుకు నిలబడ్డాయో మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు.

మరుసటి వారం అదే పాఠం, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను (నిజంగానే, లేకపోతే ఆగలేను). ఒక పాప కాగితాన్ని విసనకర్రలా మడిచింది గానీ మడతలు అడ్డంగా వచ్చాయి, కారు పెట్టగానే కాగితం సాగి కిందికి జారింది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని "ఎటు వంగింది?" అని మాత్రం అడిగాను. కాసేపు చూసి, కాగితం తిప్పి, మడతలు ఈ కుప్ప నుంచి ఆ కుప్పకు పోయేలా మళ్లీ మడిచింది. నిలబడింది! "ఇప్పుడు గోడల్లా నిలబడ్డాయి టీచర్" అంది. మడత నిలువుగా లేస్తే కాగితం తేలిగ్గా వంగదని నేను చెప్పాల్సిన మాటను తనే చెప్పేసింది.

బ్లాకులు మాత్రం తక్కువ ఇవ్వండి. మొదటిసారి బుట్ట మొత్తం కుమ్మరించాను, సగం టైము పంచుకోవడానికే, పోట్లాటకే పోయింది. కిండర్‌గార్టెన్‌కు 1837లో నాంది పలికిన ఫ్రోబెల్ తయారుచేసిన పెట్టెల్లో ఒకదాంట్లో ఉండేవి ఎనిమిదంటే ఎనిమిది చెక్క ఘనాలు, వాటితోనే పిల్లలు కుర్చీ, మెట్లు, గోడ కట్టేవాళ్లు.

ఇంకోటి, పిల్లలందరూ ఒకే దశలో ఉండరు. కొందరు బ్లాకులు మోసుకు తిరుగుతారు, కొందరు వరసగా పేరుస్తారు, ఆ తర్వాతే రెండింటి మీద మూడోది అడ్డంగా పెట్టడం, చుట్టూ మూసి గది కట్టడం వస్తాయి. మోసుకు తిరిగే బాబును చూసి ఏమీ చేయట్లేదని రాసుకోకండి, బరువేదో, పొడవేదో వాడు చేతులతో తెలుసుకుంటున్నాడు.

సర్దడానికి పది నిమిషాలు ఉంచుకోండి. కష్టపడి కట్టింది తీసేయమంటే ఏడుపు వచ్చేది అక్కడే. ముందు ఫొటో తీస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు.